ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్‌ను తగ్గించుట – కళాశాల ప్రాంగణమునకును పొలమునకును గల సంబంధము

శీర్షిక చూడగానే ఇది పట్టణములలోని కళాశాలల గొడవ, మనకెందుకని రైతు సోదరులు పుట తిప్పవచ్చును. దయచేసి తిప్పవద్దు. విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఈ పూట పారవేసిన సంచి రేపటికి ఊరి చివరి దిబ్బ చేరును. ఆ దిబ్బమీద మేయునది కళాశాల ఆవు కాదు, రైతు ఆవు. ఆ దిబ్బ చివికిన తరువాత తోలుకొనిపోవు ఎరువు పడునది రైతు పొలములోనే. వానకు కొట్టుకొనివచ్చిన సంచులు అడ్డుపడునది రైతు కాలువ తూముకే. పారవేయువాడొకడు, నష్టపడువాడొకడు అగుటచేతనే ఈ జాడ్యము ఇన్నాళ్లు కుదురక యున్నది.

చోడవరము ఒకప్పటి విశాఖపట్నము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. చెరకు, వరి, కూరగాయలు పండు ప్రాంతము. శారదానది, రైవాడ జలాశయము క్రింది కాలువలు, ఊరూర చెరువులు గలవు. ఇట్టి నీటి వసతిగల చోట పారవేసిన వస్తువు పారవేసిన చోటనే ఉండదు. సంతనాడు చోడవరము బజారులో పారవేసిన పలుచని సంచి మొదటి గట్టివానకే ఏ మురుగు కాలువలోనో పడి, అచ్చటినుండి పల్లపు మడులకు చేరుట మీరెరిగినదే.

చట్టమేమి చెప్పుచున్నది?

ప్లాస్టిక్ అంతయు చెడ్డది కాదు. బిందుసేద్యపు గొట్టము, నీటిమోటారు పైపు, ఎరువుల సంచి, పాల డబ్బా – ఇవి ఏండ్ల తరబడి పనిచేయును. మనము తగ్గించవలసినది పది నిమిషములు వాడి పారవేయు సరకు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ప్లాస్టిక్ వ్యర్థముల నియమములను సవరించి, 2022 జులై 1 నుండి కొన్ని వస్తువుల తయారీ, నిల్వ, అమ్మకము, వాడకము నిషేధించినది. ప్లాస్టిక్ పళ్లెములు, లోటాలు, గ్లాసులు, చెంచాలు, ముళ్లచెంచాలు, కత్తులు, నీరు పీల్చు గొట్టములు, ట్రేలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడు థర్మోకోలు, చెవిపుల్లలు, 100 మైక్రాన్లకు తక్కువ మందముగల బ్యానర్లు ఆ జాబితాలోనివి. మిఠాయి పెట్టెలకును శుభలేఖలకును చుట్టు పలుచని పొరయు అందున్నది. అనగా మాడుగుల హల్వా పెట్టెకు అట్టి పొర చుట్టినచో అదియు నిషిద్ధమే.

చేతిసంచుల విషయమున నియమము వేరు. 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తక్కువ మందము గలవి చెల్లవు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. చేతితో పట్టుకొన్న మాత్రముననే గాలికి రెపరెపలాడు సంచి ఈ కొలతకు చాలదని తెలిసికొనవచ్చును. చట్టము వచ్చి ఏండ్లు గడచినను పలుచని సంచి బజారులో కనిపించుచునే యున్నది. కొనువాడు గుడ్డసంచి చేతబట్టుకొని పోనంతకాలము అంగడివాడు ఏదో ఒక సంచి ఇచ్చుచునే యుండును. ఇందు వానినొక్కనినే తప్పు పట్టుట నాకు న్యాయముగా తోచదు.

ప్రాంగణములో ప్లాస్టిక్ ఎచ్చటినుండి వచ్చును?

2019లో విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము ఉన్నత విద్యాసంస్థలన్నిటికిని వ్రాసి, ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్‌ను తమ ప్రాంగణములలో మాన్పించుమని కోరినది. మాన్పించుటకు ముందు, అది లోపలికి వచ్చు త్రోవలు తెలియవలెను. వసతిగృహపు భోజనశాలలో సామాన్యముగా స్టీలు పళ్లెములే ఉండును. చెత్త పుట్టునది అచ్చట కాదు. ఒకటి, ఫలహారశాలలో కట్టి ఇచ్చు పొట్లములు, టీ లోటాలు. రెండు, సభలు, సమావేశములు. మూడు, వ్యవసాయ కళాశాలలకు ప్రత్యేకమైనది – ప్రయోగ క్షేత్రము. నారుమడి సంచులు, విత్తన నమూనాల కవర్లు, మల్చింగు షీట్లు, పురుగుమందు సీసాలు అన్నియు అక్కడివే.

రెండవదానిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రైతు సదస్సులకు వచ్చిన మీకు కుర్చీలో కూర్చుండగనే చేతికి చిన్న నీటిసీసా, తరువాత పెట్టెలో భోజనము అందుట అలవాటైపోయినది. సభ ముగియగానే కుర్చీల క్రింద సగము త్రాగిన సీసాలు దొర్లుచుండును. వేదికపై పర్యావరణమును గూర్చి ఉపన్యాసము, వేదిక క్రింద సీసాల గుట్ట! ఈ సీసాలకు బదులు పందిరి మూలన రెండు పెద్ద కుండలు, కుళాయిగల డబ్బా, కడిగిన స్టీలు గ్లాసులు పెట్టుట కష్టమైన పని కాదు; దానికి మనుష్యుని నియమించుటయే కావలెను. సదస్సునకు వచ్చునపుడు మీరును చెంబో సీసానో వెంట తెచ్చుకొని, ‘మాకు సీసా వద్దు, కుండ పెట్టించుడు’ అని అడిగినచో ఆ మాటకు మా సభ్యోక్తులకంటె బలము హెచ్చు. విశ్వవిద్యాలయము నడచునది రైతుల కొరకని అందరమును చెప్పుకొనుచున్నాము గదా.

పెద్దచోట కుదరదనువారు తిరుమలను చూడవలెను. ప్రతిదినము వేలాది యాత్రికులు వచ్చు ఆ కొండపై తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్లాస్టిక్ నీటిసీసాలను మాన్పించి, త్రాగునీటి కుళాయిలు విస్తారముగా పెట్టించి, 2022 జూన్ నుండి ప్లాస్టిక్ నిషేధమును మరింత గట్టిచేసిరి. కుళాయి ముందు, నిషేధము వెనుక – ఈ వరుస తప్పినచోట నిషేధము నిలువదు.

పశువు కడుపులో జరుగునది

ఆవునకు పై దవడలో ముందుపండ్లు లేవు. నాలుకతో చుట్టి లాగి, నమలకయే మ్రింగి, తరువాత నెమరువేయును. మేక పెదవులతో ఏరుకొని తినును గాని ఆవు, గేదె అట్లు ఏరలేవు. కావున అన్నము, కూర తొక్కలు మూటగట్టి పారవేసిన సంచిని అది విప్పజాలదు; లోపలి ఉప్పువాసనకు సంచితోగూడ మ్రింగును. పెద్దకడుపులో చేరిన గడ్డిని సూక్ష్మజీవులు కరగించును. ప్లాస్టిక్‌ను కరగించు సూక్ష్మజీవులు అందులో లేవు. పెద్దకడుపు నుండి ముందుకుపోవు ద్వారము చిన్నది. బాగుగా నలిగిన మేతయే దానిగుండ పోవును. సంచి పోదు. ఒకదానికొకటి చుట్టుకొని, త్రాళ్లు, గుడ్డపీలికలు కలసి, గట్టి ముద్దయై అచ్చటనే నిలిచిపోవును. దానిలో మేకో తీగముక్కయో ఉన్నచో పక్క అరను పొడిచి, గుండెవరకు పోయి చంపవచ్చును.

పశువు ఒక్కనాడు పడిపోదు. మొదట మేత తగ్గును. నెమరు తగ్గును. ఎడమ డొక్క మాటిమాటికి ఉబ్బును. పాలు తగ్గును. కడుపు నిండుగా కనిపించుచునే వెన్నెముక, ప్రక్కటెముకలు తేలును. రైతు నులిపురుగులని మందు పోయించును, దిష్టి యనుకొనును, మేత మార్చును. ఈ ముద్దను కరగించు మందు లేదు. కడుపుకోసి తీయుటయే మార్గము. అదియు పశువు బలముగా ఉన్నపుడు చేయవలెను.

ఇది ఊహ కాదు. అప్పటి అనంతపురము జిల్లాలోని పుట్టపర్తిలో కరుణ సొసైటీ అను జంతు సంరక్షణ సంస్థవారు, వీధులలో తిరుగు ఆవులకు శస్త్రచికిత్సచేసి ఒక్కొక్కదాని కడుపులోనుండి పదుల కిలోల ప్లాస్టిక్ వెలికితీసిరి. ఆ సంగతిపై 2012లో ‘ప్లాస్టిక్ కౌ’ అను చిత్రము వెలువడినది. అదే సంవత్సరము ఆ సంస్థవారు తక్కినవారితో కలసి సుప్రీంకోర్టుకు వెళ్లిరి. పుట్టపర్తిలో కనుగొనిరి గనుక లోకమునకు తెలిసినది. తక్కిన ఊళ్లలో కడుపుకోసి చూచినవారేరి?

చోడవరములో విఘ్నేశ్వరుని కోవెలకు పోవువారు అరటిపండ్లు, కొబ్బరికాయ సంచిలో తీసికొనిపోవుట వాడుక. ప్రసాదము పశువునకు పెట్టదలచినవారు సంచి విప్పి, అరచేతిలోనుండియో ఆకులోనుండియో పెట్టవలెను. అట్లే ఇంటి కుడితి గోలెములో పడు పాలకవరు మూల ముక్క చిన్నదని ఊరకుండరాదు. రోజుకొక ముక్క చొప్పున ఏడాదికి మూడువందల అరువదియైదు.

ఎరువుతో వచ్చు ముక్కలు

పట్టణపు చెత్త ఎరువు, వసతిగృహముల దిబ్బ ఎరువు చౌకగా దొరకుటచే అనేకులు కొనుచున్నారు. కొనుట మంచిదే, మన చెరకు భూములు సేంద్రియ పదార్థమును కోరునవే. కాని కొనుటకు ముందు ఈ పరీక్ష చేయుడు. బండిలో నాలుగు చోట్లనుండి తీసిన ఎరువును కలిపి, 10 కిలోలు తూచి, ఎండలో ఆరబెట్టి, ఇసుక జల్లెడతో జల్లించుడు. పైన మిగిలిన ప్లాస్టిక్, గాజు, రబ్బరు ముక్కలను ఏరి చిన్న త్రాసులో తూచుడు. 10 కిలోలకు 20 గ్రాములు వచ్చినదనుకొందము. చూచుటకు గుప్పెడైనను లేదు. కాని టన్నుకు 2 కిలోలు. ఎకరమునకు 4 టన్నులు తోలినచో 8 కిలోలు. ఐదేండ్లు వరుసగా తోలినచో 40 కిలోలు. జల్లెడగుండ జారిన సన్నముక్కలు ఈ లెక్కలో లేవు.

పొలములో ఇవి చేయు నష్టము రెండు విధములు. పెద్ద ముక్కలు నాగలికి, గుంటకకు చుట్టుకొనును. నీరు క్రిందికి దిగు దారిని, లేతవేళ్లను అడ్డగించును. విత్తనము పొరమీద పడినచో మొలక ఎండును. చిన్నముక్కలు ఎండకు పెళుసై ఇంకను చిన్నవై మట్టిలో కలసిపోవును. అవి కనిపించకపోవుట కుళ్లిపోవుట కాదు. కంటికి ఆనని ముక్కలు వానపాములపైనను, నేలలోని సూక్ష్మజీవులపైనను చూపు ప్రభావమును శాస్త్రజ్ఞులు ఇప్పుడు పరిశీలించుచున్నారు. ఒకమారు మట్టిలో కలసినదానిని ఏరుటకు మాత్రము ఏ యంత్రమును లేదు.

ఇచ్చటనే రైతు చేతిలో ఒక బలము గలదు. ఎరువు కొనువాడు మీరు. కళాశాల భోజనశాల కుడితిని పశువులకు తోలుకొనిపోవువారు మీరు. తడిచెత్త, పొడిచెత్త పుట్టినచోటనే వేరుచేయవలెనని 2016లో వచ్చిన ఘనవ్యర్థ నియమములే చెప్పినవి. ‘మూతగల డబ్బాలో కుడితి ఒక్కటే పోసి ఇచ్చినచో తోలుదును, సంచులు కలిపినచో తోలను’ అని షరతు పెట్టుడు. రెండు దినములు కుడితి తోలకపోయినచో భోజనశాలలో ఆ వాసనకు ఎవ్వరును నిలువలేరు. మూడవనాటికి రెండవ డబ్బా అదే వచ్చును. గోడలమీది ప్రకటనలకంటె ఈ ఉపాయము త్వరగా పనిచేయునని నా నమ్మకము.

కాగితపు లోటా, కుళ్లునని చెప్పు సంచి

ప్లాస్టిక్ లోటాకు బదులు కాగితపు లోటా వచ్చినదని సంతోషించుచున్నాము. కాగితము ఒక్కటే అయినచో వేడి టీకి నిమిషములో చివికిపోవలెను గదా! లోపలి వైపున పలుచని ప్లాస్టిక్ పూత ఉండుటచేతనే అది నిలుచుచున్నది. ఎరువు గుంటలో వేసినచో కాగితము చివికి పూత మిగులును. అడుగున నిగనిగలాడు పొర అంటించిన విస్తళ్లును అంతే. అవి విస్తరాకువలె కనిపించును గాని విస్తరాకులు కావు.

‘కంపోస్టగును’ అని ముద్రించిన సంచుల సంగతి వేరు. మొక్కజొన్న పిండి మొదలగువానితో చేసిన ఇట్టి సంచులను తిరుమలలో లడ్డు ప్రసాదమునకై 2021లో ప్రవేశపెట్టిరి. రక్షణ పరిశోధనా సంస్థ వారు రూపొందించినవి అవి. వీనిలో చాలరకములు కుళ్లుటకు పెద్ద కంపోస్టు కేంద్రములలో ఉండు సుమారు 58 డిగ్రీల వేడి, తేమ వారముల తరబడి కావలెను. మన పెరటి గుంటలో ఆ వేడి నిలువదు. కావున పేరుచూచి పొలములో చల్లవద్దు. పశువు ముందు అసలే వేయవద్దు.

అడ్డాకు, అరటాకు, స్టీలు పళ్లెము

మన ప్రాంతమునకు విస్తరాకు క్రొత్తది కాదు. పాడేరు, అరకు కొండలలో అడ్డతీగ విరివిగా పెరుగును. గిరిజనులు ఆకు కోసి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి కట్టలుగా అమ్ముదురు. ఆరిన విస్తరిని నెలల తరబడి నిల్వ చేయవచ్చును. వడ్డనకు ముందు నీరు చిలకరించిన మెత్తబడును. భోజనానంతరము పుల్లతోసహా గుంటలో వేసినచో ఎరువగును. మన పెండ్లిలో వాడు ప్రతి కట్టవలన కొంత సొమ్ము కొండమీది కుటుంబమునకు పోవును. మోదుగాకు, అరటాకు, పోకబొప్పి పళ్లెములును మంచివే.

చెరకు పిప్పితో చేసిన పళ్లెములు ఇపుడు బజారులో కలవు. పిప్పి మన పంటే గదా, ఊరూర పరిశ్రమ పెట్టవచ్చునేమో అని కొందరు అడుగుచున్నారు. తొందరపడవద్దని నా సలహా. చెరకు బరువులో సుమారు మూడవ వంతు తడిపిప్పిగా వచ్చునుగాని, బెల్లము వండువారికి అదియే వంటచెరకు. గోవాడ కర్మాగారమునకు చెరకు తోలినవారికి మిల్లు బాయిలర్లు పిప్పితోనే మండునని తెలియును. పళ్లెములకు పిప్పి నమ్మినవాడు పెనము క్రిందికి కట్టెలు కొనవలెను. ఆ లెక్క వేసిన పిమ్మటనే ముందునకు పోవలెను.

అన్నిటికంటె చౌక స్టీలు. ఒక పళ్లెము, గ్లాసు జత 120 రూపాయలనుకొందము. ఊరికి 300 జతలకు 36,000 రూపాయలు. పారవేయు పళ్లెము, గ్లాసు జత 6 రూపాయలనుకొన్న, 300 మంది విందుకు 1,800. స్టీలు కడుగుటకు కూలి 600 పోయినను విందుకు 1,200 మిగులును. 30 విందులలో పెట్టుబడి తిరిగివచ్చును; ఆ తరువాత పళ్లెము ఇంకను పదేండ్లుండును. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్కను మరల చేసికొనుడు. ప్రాంగణములో అయినచో 300 మందికి దినమునకు రెండు పూటల చొప్పున ఆ 30 విందులు 15 దినములలో తీరును. తెలంగాణలో సిద్దిపేట ప్రాంతమున ఇట్లు స్టీలు సామాను ఉమ్మడిగా కొని విందులకు ఇచ్చుచున్నారు. దానిని ‘స్టీలు బ్యాంకు’ అందురు. మన మహిళా సంఘములకు ఇది తగిన పని. సామాను ఇచ్చునపుడు లెక్క వ్రాసి, కొంత పైకము ధరావతుగా తీసికొననిచో ఏడాదికి సగము గ్లాసులు మిగులవు!

కడుగుటకు నీరు ఖర్చగునను ఆక్షేపణ కలదు. నిజమే. మూడు తొట్లు పెట్టి వరుసగా ముంచి కడిగిన నీరు చాల తగ్గును. బూడిదతోనో కుంకుడుతోనో తోమినచో ఆ నీటిని అరటిమొక్కలకు పారించవచ్చును.

ప్రయోగ క్షేత్రము, రైతు పొలము

ప్రపంచమంతట వ్యవసాయమున ఏటేట 125 లక్షల టన్నుల ప్లాస్టిక్ సామగ్రి వాడుచున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2021లో అంచనా వేసినది. కావున తప్పంతయు పట్టణములపై నెట్టుటకు మనకు వీలులేదు.

మల్చింగు షీటును తీసికొనుడు. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరు సుమారు 23 గ్రాములు తూగును. ఎకరములో సగము నేల కప్పినను 46 కిలోలు. పంట తరువాత పదవ వంతు చినిగి మట్టిలో నిలిచినచో ఒక్క పంటకు నాలుగున్నర కిలోలు. కూరగాయలలో షీటు వాడదలచినవారు మరీ పలుచనిది కొనవద్దు. పలుచనిది చౌకయేగాని ముక్కలై లేచును. పంట కాగానే, ఎండకు పెళుసెక్కకముందే, అంచుల మట్టి వదులుచేసి చుట్టగా తీయవలెను.

చెరకునకు షీటుతో పనియే లేదు. 1913లో ఆరంభమైన అనకాపల్లి పరిశోధనా స్థానము మన ప్రాంతమునకు చేసిన సిఫారసులలో చెరకు చెత్త కప్పుట ఒకటి. నాటిన మూడు దినములలోగా హెక్టారుకు 3 టన్నుల చొప్పున, అనగా ఎకరమునకు సుమారు 1,200 కిలోల ఎండుటాకు సమముగా పరచవలెను. వేసవిలో తేమ నిలుచును, కలుపు తగ్గును, పీకపురుగు ఉధృతియు తగ్గును. పంట ముగియునాటికి అది నేలలోనే చివుకును. చెదలున్న నేలలలో ముందుగా చెదల నివారణ చూచుకొనవలెను. ఎండుటాకును తగులబెట్టి, ప్లాస్టిక్ షీటు కొనితెచ్చు రైతును చూచినపుడు నాకు జాలి కలుగును.

ఒంటికన్ను చెరకు నారు పెంచు ట్రేలను కడిగి, నీడలో ఒకదానిలో ఒకటి దూర్చి దాచినచో అనేక పర్యాయములు వాడవచ్చును. ఎరువుల సంచి గట్టిదేగాని ఎండలో గట్టుపై వదలినచో పోగులు పోగులుగా రాలి మడిలో పడును, నీడలో పెట్టుడు. నాట్లనాడు కూలీలకు నీటి పొట్లములు కొనక కుండ, ముంత తీసికొనిపొండు.

మిగిలిన ప్లాస్టిక్

దీనిని తగులబెట్టరాదు. ముఖ్యముగా బెల్లము వండు పొయ్యిలో తడిపిప్పి అంటుకొనుటకై సంచులు వేయు అలవాటు ఎవరికైన ఉన్నచో వెంటనే మానవలెను. పీవీసీ ముక్క మండినచో ఘాటైన ఆమ్లవాయువును, డయాక్సిన్లు అను విషములును వెలువడును. పెనము చెంత నిలిచి కలియబెట్టువాడు దానిని పీల్చును, మసి పాకములో పడును.

పురుగుమందు సీసా ఖాళీ కాగానే నాలుగవ వంతు నీరు పోసి, మూతబిగించి, బాగుగా కుదిపి ఆ నీటిని పిచికారీ డబ్బాలోనే పోయవలెను. ఇట్లు మూడుసార్లు చేయవలెను. మందు వృథాకాదు, సీసాయు శుభ్రపడును. పిమ్మట అడుగున రంధ్రము పొడిచి, ఇతర ప్లాస్టిక్‌తో కలుపక, పిల్లలకు అందనిచోట వేరుగా ఉంచుడు. ఆ సీసాలో నూనె, కిరోసిను, త్రాగునీరు పోయుట ప్రాణాపాయము. తక్కిన పాలకవర్లు, సంచులు, షీటు చుట్టలు కడిగి ఆరబెట్టి ఒక గోనెలో వేయుచుండుడు. మట్టి, తడి ఉన్నదానిని పాతసామాను వర్తకుడు తీసికొనడు; పొడిగా, రకమునకొక మూటగా కట్టినదానికి ధర పలుకును. పంచాయతీ చెత్తబండి వచ్చు ఊళ్లలో ఆ గోనెను పొడిచెత్త వైపునే ఇచ్చుడు, ఇచ్చునపుడు ఎటువైపు వేయుచున్నారో ఒక కంట చూచుడు.